ఓయున్ కుడి చెయ్యి

మా త్రిపుర రెండు సెలక్షన్లలోనూ గెలిచింది. అదే అది చేసిన తప్పు.

రాష్ట్రంలో జూడోకి రెండు సంఘాలు. ఒకప్పుడు ఒకటే ఉండేది. అధ్యక్షుడికీ కార్యదర్శికీ చెడింది. కుర్చీని రెండు చెయ్యలేరు కాబట్టి సంఘాన్ని రెండు చేశారు. అసలు సంఘం మాదంటే మాదన్నారు, ఇద్దరూ రబ్బరు స్టాంపులు చేయించుకున్నారు. ఒకరు గుంటూరులో సెలక్షన్ పెడితే, పంతానికి రెండోవాళ్ళు అదే వారం ఒంగోలులో పెట్టారు. ఎవరిది చెల్లుతుందో తెలియక నేనే పిల్లని రెండు చోట్లకీ తీసుకెళ్ళాను. యాభై ఏడు కిలోల తరగతిలో రెండు చోట్లా మొదటి స్థానం దానిదే. పది రోజుల తర్వాత రెండు ఉత్తరాలు వచ్చాయి. గుర్తింపు లేని పోటీలో పాల్గొన్నందుకు రెండేళ్ళ నిషేధమని గుంటూరు వాళ్ళు రాశారు. అదే మాట అక్షరం పొల్లు పోకుండా ఒంగోలు వాళ్ళూ రాశారు. ఆంబోతులు కుమ్ములాడుకుంటే లేగదూడల కాళ్ళు విరిగినట్టయింది మా పని.

ఆ తగువు ఢిల్లీ దాకా పాకి కోర్టుకెక్కింది. చివరికి ప్రపంచ సంఘం వాళ్ళు విసిగిపోయి, మీ ఇల్లు మీరు చక్కబెట్టుకునే దాకా మీ దేశం నుంచి ఎవరూ రావద్దన్నారు. తప్పు కుర్చీలవాళ్ళది, గుమ్మం బయట నిలబడింది మాత్రం పిల్లలు. త్రిపురకి అప్పటికి ఇరవై నాలుగు. పదేళ్ళుగా పొద్దున్నే వాడరేవు ఇసకలో పరిగెత్తిన పిల్ల. ఇంకో నాలుగేళ్ళు ఆగితే ఆ ఒళ్ళు అలాగే ఉంటుందా? కోపమొస్తే నాకు నోరు ఆగదు. రెండు సంఘాల ఆఫీసులకీ వెళ్ళి, పక్షపాతం లేకుండా రెండు చోట్లా తిట్టొచ్చాను. మనసు కాస్త తేలికపడింది గానీ పని మాత్రం కాలేదు.

నా పేరు అందె కనకలింగం. చీరాల పక్కన ఈపూరుపాలెంలో గుంతమగ్గం మీద నేస్తాను. మా నాన్నా నేతే, తాతా నేతే. త్రిపుర ఎనిమిదో తరగతిలో ఉండగా స్కూలు డ్రిల్లు మాస్టారు జూడో నేర్పుతానంటే, కోటు బజార్లో దొరక్క, దుప్పటి నేతలో నేనే నేసి కుట్టించాను. ఎంత గుంజినా చిరగలేదది. ఆ కోటుతోనే అది జిల్లాకి ఆడింది. మా ఇంట్లో నేతకీ జూడోకీ అలా చుట్టరికం కుదిరింది.

డాక్టర్ మెహరున్నీసా గారు ఆ గొడవలకి మూడేళ్ళ ముందే మా ఊరొచ్చారు. పుట్టిల్లు బాపట్ల, ఉద్యోగం హైదరాబాదులో ఒక ల్యాబులో. ఆవిడ తయారుచేసిన పోగు మరమగ్గం మీద టపటపా తెగిపోతోందట. చేతిమగ్గం మీదైతే నిలుస్తుందేమో చూడమని ఒక సంచీడు పోగు తెచ్చారు. చూడటానికి మామూలు నూలే, కాస్త బూడిద రంగు. నేను మూరెడు నేసి ఇచ్చాను. ఆవిడ దాన్ని వెడల్పులో సగానికి చీల్చి, ఒక సగాన్ని మా ఆవిడ మల్లేశ్వరి మణికట్టుకి చుట్టారు. రెండో సగం తన చేతికి చుట్టుకుని, షెడ్డు బయటికి వెళ్ళి దాన్ని గట్టిగా పిసికారు.

మల్లేశ్వరి పెట్టిన కేకకి పక్కింటి వాళ్ళు కూడా పరిగెత్తుకొచ్చారు.

"ఏమయ్యోయ్! ఎవరో నా చెయ్యి పట్టుకున్నారయ్యా!"

ఆ పోగు కథ అది. ఒకే పడుగు మీద నేసి రెండుగా చీల్చిన బట్టలో, ఒక ముక్క ఎక్కడ బిగిస్తే రెండో ముక్క అక్కడే బిగుస్తుంది. వెయ్యి మైళ్ళ దూరమైనా సరే. రెండు ముక్కల్నీ రెండు కోట్లుగా కుట్టి ఇద్దరు మనుషులకి తొడిగితే, ఒకరు చెయ్యెత్తినప్పుడు రెండోవాళ్ళ చెయ్యి దానంతట అదే లేస్తుంది. బట్ట కండరాన్ని బిగించి లేపుతుంది. ఆవిడ పెట్టిన పేరు ఏదో పొడుగాటిది, నాకు నోరు తిరగలేదు. నేను తోడుబట్ట అన్నాను. తర్వాత ల్యాబు కాగితాల్లో కూడా అదే పేరు ఎక్కింది.

కాళ్ళూ చేతులూ పడిపోయినవాళ్ళ కోసమని ఆవిడ మొదలుపెట్టిన పనిని ప్రపంచ సంఘం ఇంకోదానికి పట్టుకుంది. ఆఫీసర్ల పాపానికి ఆటగాళ్ళని శిక్షిస్తారా అని అప్పటికే లోకమంతా వాళ్ళని దులిపేస్తోంది. అందుకని ఒక ఉపాయం చేశారు. నిషేధం పడ్డ దేశం మనిషి పోటీకి రాకూడదు, ఆ మనిషి ఆట రావచ్చు. ఆటగాడు తన ఊళ్ళో కోటు వేసుకుని ఆడతాడు. పోటీ జరిగే చోట ఇష్టపడి ముందుకొచ్చిన ఇంకొకరు, అంటే తోడు మనిషి, జంటకోటు వేసుకుని ఒళ్ళు అప్పగిస్తారు. జెండా ఉండదు, దేశం పేరు ఉండదు. ఆట నడిచేంతసేపూ తోడు మనిషి సొంతంగా వేలు కూడా కదపకూడదు. కదిపితే కోటు భుజం మీద ఎర్రగీత వెలుగుతుంది, ఆ రోజు గెలిచినవన్నీ రద్దవుతాయి.

ఇంకో షరతు కూడా పెట్టారు. మెహర్ మేడమ్ మొదటి బట్టలో స్పర్శ అటూ ఇటూ నడిచేది. అలా వద్దన్నారు. ఆటగాడి కదలిక అటు పోవాలి, అవతలి నొప్పి ఇటు రాకూడదు. తోడు మనిషి బాధ తెలిస్తే ఆటగాడికి చెయ్యి ఆడదని వాళ్ళ వాదన. పట్టు తెలియకుండా జూడో ఆడటమంటే ఉప్పు లేకుండా పప్పు తినమన్నట్టే. ఎదుటివాడు మెడపట్టీ ఎంత గట్టిగా పట్టాడో, ఎప్పుడు వదులు చేశాడో చేతికి తెలియాలి, కంటికి కాదు. అందుకే తోడుబట్ట కట్టి ఆడినవాళ్ళెవరూ అప్పటిదాకా మొదటి రౌండు దాటలేదు. అవకాశం ఇచ్చామని చెప్పుకోవడానికి వాళ్ళకి అది చాలు.

ఇక నా తప్పు సంగతి చెప్పాలి.

సంఘాలతో పనిలేని ఆ దారిలో త్రిపుర పేరు పంపి, దాని కోసం కొత్తరకం పోగు తెచ్చినప్పుడు మేడమ్ ఒకటికి పదిసార్లు చెప్పారు. "లింగంగారూ, మగ్గం మీదున్న పాత పడుగు మొత్తం కోసేసి కాల్చెయ్యండి. అది రెండు వైపులా నడిచే రకం. కొత్తదాంతో కలవకూడదు." సరేనన్నాను. కత్తెర పట్టుకుని కూర్చున్నాను కూడా. నా యాభై ఎనిమిదేళ్ళ బతుకులో మగ్గాన్ని ఉత్తిగా నిలబెట్టింది లేదు. మూరెడు తోక మిగిల్చి, వేళ్ళకి బూడిద అద్దుకుని, కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటీ దానికి అతుకుతాం. అలా మా తాత అతికిన పడుగుకి నాన్న అతికాడు, నాన్న అతికినదానికి నేను అతికాను. మగ్గం ఖాళీ అయిందంటే ఆ ఇంట్లో మనిషి పోయినట్టే. కూతురు ప్రపంచ పోటీకి ఆడబోతుంటే ఆ పని ఎలా చేస్తాను? అతికేశాను.

అతికిన ఆ మూరెడునీ నేశాక కోసి పారేస్తే అయిపోయేది. కోట్లు కత్తిరించేటప్పుడు మెడపట్టీలకీ చేతి అంచులకీ గుడ్డ చాల్లేదు. పోగు పారెయ్యడం నేతగాడికి చేతకాని పని. రెండు పోగులు కలిసి మందంగా, గట్టిగా ఉందని ఆ మూరెడునీ రెండు కోట్లలోనూ వాటికే వేశాను. జూడోలో ఎవరైనా ముందు పట్టుకునేది మెడపట్టీనీ చేతి అంచునీ అని నాకు తెలియదా? తెలుసు. గట్టి గుడ్డ కాబట్టి అక్కడే మంచిదనుకున్నాను.

పోటీ ఉలాన్‌బాటర్‌లో. మంగోలియా అమ్మాయి ఓయున్ త్రిపురకి తోడుగా ఒప్పుకుంది. ముప్పై ఒక్క ఏళ్ళు, ఒకప్పుడు తనూ ఆడేదట. ఆమె నింపిన కాగితం మాకు తెలుగు చేయించి పంపారు. పని అన్నచోట, వసంతంలో మేకల మెత్తటి బొచ్చు దువ్వి తియ్యడం అని రాసింది. ఎందుకు వస్తున్నారు అన్నచోట రెండే ముక్కలు. 'ఒకసారి నా పేరు కూడా ఒక జాబితాలోంచి జారిపోయింది. ఎవరి వల్లో ఇప్పటికీ తెలియదు.'

"అయితే ఆమెదీ పోగుల పనేనన్నమాట" అంది మల్లేశ్వరి. ఆ మాటతో ఓయున్ మా ఇంటి మనిషైపోయింది.

పోటీ రోజు పొద్దున్న ఏడున్నరకి, అక్కడ పదింటికి, మగ్గాల షెడ్డులో త్రిపుర చాపల మధ్య నిలబడింది. ఒంటి మీద కోటు, కళ్ళకి అక్కడి దృశ్యం చూపించే అద్దాలు. గోడకున్న టీవీలో ఓయున్ కనిపిస్తోంది. గుండ్రటి ముఖం, ఎండకి కమిలిన బుగ్గలు. ఇద్దరూ ఒకే కొలత మనుషులు.

త్రిపుర ఉన్నట్టుండి ఇటు తిరిగింది.

"నాన్నా, ఎవరో నా ఎడమ మణికట్టు మీద తట్టారు. రెండుసార్లు."

టీవీలో చూశాను. ఓయున్ చాప అంచున నిలబడి, కుడిచేతి వేళ్ళతో తన ఎడమ చేతి అంచు మీద మెల్లగా తడుతోంది. భయం పోవడానికి తనకి తాను చేసుకునే అలవాటు కాబోలు. ఇక్కడెవరికో తెలుస్తోందని ఆమెకేం తెలుసు? నాకు మాత్రం తెలిసిపోయింది. గుండె జారి మగ్గం గుంతలో పడింది.

"ఏం లేదులేమ్మా, చెమట పట్టుంటది" అన్నాను.

మొదటి ఆట నలభై సెకన్లలో అయిపోయింది. ఎదుటి అమ్మాయి మెడపట్టీ అందుకోగానే త్రిపుర ఆ పట్టులోకే ఒరిగి, నడుము తిప్పి, ఆమెని వెల్లకిలా పడేసింది. అలా వీపు మొత్తం చాపకి తగిలేలా పడేస్తే దాన్ని ఇప్పొన్ అంటారు, ఆట అక్కడితో ముగుస్తుంది. మెహర్ మేడమ్ కుర్చీలోంచి లేచి నిలబడిపోయారు.

"పట్టు తెలియకుండా ఎలా వేసింది లింగంగారూ?"

ఊరంతా తిట్టే నోరు ఆ పూట పెగల్లేదు. కోటు సంగతి చెబితే ఆట ఆగిపోతుంది. నా బిడ్డ నవ్వుతోంది. రెండేళ్ళ తర్వాత నవ్వడం అదే.

రెండో ఆట గెలిచింది. గుంటూరు నుంచి ఫోనొచ్చింది. "కంగ్రాట్స్ అండీ, ఎంతైనా మన సంఘం పిల్ల!" మూడో ఆట గెలిచింది. ఒంగోలు నుంచి ఫోనొచ్చింది. "మొదట్నుంచీ ఆ పిల్లని నమ్మింది మేమేనండీ." నిషేధం ఉత్తరాలు రెండూ మా బీరువాలో ఇంకా మడత కూడా నలగలేదు. మల్లేశ్వరి నా చేతిలోంచి ఫోను లాక్కుని కట్టేసింది, లేకపోతే ఆ రోజే మూడో సంఘం పుట్టేది.

నాలుగో ఆట సెమీఫైనల్. అది ఇప్పొన్‌తో తేలలేదు. నాలుగు నిమిషాలు పూర్తిగా నడిచింది, ఆపైన ఇంకో రెండు. చివర్లో త్రిపుర ఎదుటి అమ్మాయి చెయ్యి గుంజి కాలు అడ్డంపెట్టి పడేసింది. ఫైనల్‌కి వచ్చేశాం. మల్లేశ్వరి ఏడుస్తోంది. పక్క మగ్గాలవాళ్ళు కిటికీ దగ్గర గోల చేస్తున్నారు. నేనూ అరిచాననుకుంటాను.

త్రిపుర అద్దాలు తీసేసింది. ముఖంలో సంతోషం లేదు.

"నాన్నా, ఆమె ప్రతి ఆటకీ ముందూ వెనకా నా ఎడమ మణికట్టు మీద తడతా ఉంది. అంటే కుడిచేత్తో. మూడో ఆటప్పుడే ఆ తట్టడం సరిగ్గా తెలవలా. ఇప్పుడేమో కుడి మణికట్టు మీద తట్టింది."

"అయితే ఏంది?"

"ఎడమచేత్తో తట్టింది నాన్నా. కుడిచెయ్యి పనిచెయ్యట్లా ఆమెకి."

"తట్టడమేంటి?" అన్నారు మెహర్ మేడమ్. "నీకెలా తెలుస్తోంది? నీకు తెలియకూడదే!"

ఇక దాచి లాభం లేదు. తోక సంగతీ, మూరెడు సంగతీ, మెడపట్టీ సంగతీ తలదించుకుని చెప్పేశాను.

"కాల్చెయ్యమన్నాను కదండీ!"

"మగ్గం ఉత్తిగా పెట్టలేనమ్మా. అది మా వల్ల కాదు."

ఆవిడ తిడతారనుకున్నాను. తిట్టలేదు. త్రిపుర కోటు అంచు పట్టుకుని పోగుల వంక చూశారు. తర్వాత తన ఎడమ చిటికెనవేలు ముందుకి చాచి, బల్లమీదున్న గుండుసూది తీసి అందులో గుచ్చారు. మల్లేశ్వరి అబ్బా అంది గానీ ఆవిడ కనురెప్ప కూడా కదల్లేదు.

"మొదటి పరీక్షలు నామీదే చేసుకున్నాను. ఒళ్ళు ఇంకొకరి మాట వింటున్నంతసేపూ సొంత నరం పక్కకి తప్పుకుంటుంది. నాలుగుసార్ల దాకా స్పర్శ తిరిగొస్తుంది, నెలో రెండు నెలలో పడుతుంది. ఐదోసారికి ఈ వేలు పోయింది. మూడేళ్ళయింది, రాలేదు."

"మరి ఆ సంగతి ప్రపంచ సంఘానికిచ్చిన కాగితంలో రాశారా?" అడిగింది త్రిపుర.

"రాశాను. నాలుగు ఆటల తర్వాత ఆపాలని రాశాను. ఆ వాక్యం వాళ్ళు తీసేశారు. ఎవరూ అంతదాకా వెళ్ళరు, అనవసరం అన్నారు." ఆవిడ సూదిని మళ్ళీ బల్లమీద పెట్టారు. "నేనూ ఊరుకున్నాను. నిజంగానే ఎవరూ వెళ్ళరనుకున్నాను."

ఒకరినొకరం తప్పుపట్టుకునే ముఖాలు కావు మావి. ఇద్దరం ఊరుకున్నవాళ్ళమే.

ఆటగత్తె, తోడు మనిషి ఒకరికొకరు ఒక్క వాక్యం పంపుకోవచ్చని నియమం ఉంది, అక్కడి దుబాసీ ద్వారా. త్రిపుర అడిగింది. 'మీ కుడిచెయ్యి ఎలా ఉంది?' పది నిమిషాలకి జవాబొచ్చింది. 'చాలా బాగుంది, మీరు బాగా ఆడుతున్నారు, ఫైనల్ ఆడండి.'

త్రిపుర ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి ఫోను బోర్లా పెట్టేసింది.

అప్పుడు నేనన్న మాట ఇప్పటికీ నా నాలుక మీద చేదుగానే ఉంది. కానీ దాచను.

"ఒక్క ఆటేగా అమ్మా. ఆమే ఆడమంటంది. రెండేళ్ళు ఏడ్చావు. మళ్ళీ ఈ రోజు వస్తదా?"

అది నా పక్కన వచ్చి కూర్చుంది. నా కుడిచెయ్యి తన చేతుల్లోకి తీసుకుని, బొటనవేలి మీద కాయ కాసినచోట రుద్దింది.

"నాన్నా, పోగు తెగితే కళ్ళు మూసుకుని కూడా అతుకుతావు కదా. ఎట్టా అతుకుతావు?"

"వేలికి తెలుస్తదమ్మా."

"ఆ వేలికి తెలవకపోతే?"

మేక ఒంటి మీద బొచ్చు ఎక్కడ వదులైందో, ఎక్కడ చర్మం గీరుకుపోతుందో ఆ అమ్మాయికీ వేలికే తెలియాలి. మల్లేశ్వరి కండెలు చుట్టడం ఆపేసింది. "ఏ తల్లి కన్న బిడ్డో" అంది. మానేద్దాంలే అమ్మా అన్నాను.

ఎలా మానుకోవాలన్నది ఇంకో చిక్కు. ఫైనల్‌కి రాకుండా పోతే మొత్తం పోటీలోంచి తప్పుకున్నట్టు లెక్క, గెలిచిన నాలుగు ఆటలూ పోతాయి. వచ్చి ఓడిపోతే వెండి పతకం ఉంటుంది. ఆట మొదలవగానే చాపని అరచేత్తో రెండుసార్లు కొడితే ఓటమి ఒప్పుకున్నట్టే. పట్టు పట్టకుండా ఆ ఒక్క కదలిక మాత్రం చేస్తే నరానికి ఏమీ కాదని మేడమ్ లెక్కగట్టి చెప్పారు. అలాగే చేద్దామనుకున్నాం. ఓయున్‌కి చెప్పే వీలు లేదు, ఒక్క వాక్యం అయిపోయింది.

తర్వాత జరిగినవి ముందే చెప్పేస్తాను, చివర చెప్పాల్సింది వేరే ఉంది. వెండి పతకం మాకు రాలేదు. అతికిన మూరెడు సంగతి నేనూ మేడమ్ కలిసి మర్నాడే ప్రపంచ సంఘానికి రాసేశాం. వాళ్ళు తోడుబట్టని ఏడాది పాటు ఆపేశారు. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు రెండు వైపులా స్పర్శ నడిచే బట్టే ఉండాలని, మూడు ఆటలకి మించకూడదని నియమం మార్చారు. అవతలి మనిషి నొప్పి ఇవతలివాళ్ళకి తెలిసి తీరాలని అందులో రాశారు. ఆ వాక్యాన్ని మేడమ్ ఫోన్లో చదివి వినిపించారు. మన రెండు సంఘాలూ ఒకటయ్యాయి. అందుకు వేరే గొప్ప కారణమేమీ లేదు, అధ్యక్షుడూ కార్యదర్శీ వియ్యంకులయ్యారు.

ఓయున్ కుడిచేతిలో బొటనవేలికీ చూపుడువేలికీ మూడు నెలల్లో స్పర్శ తిరిగొచ్చింది. మధ్యవేలికి కొంచెం వచ్చింది. మిగతా రెండింటికీ ఇప్పటిదాకా రాలేదు, నాలుగో ఆట అంతసేపు సాగడం వల్లేనన్నారు మేడమ్. దువ్వెన ఎడమచేతికి మార్చుకుని నేర్చుకుంటున్నానని రాసింది. ఐదో ఆట ఆడి ఉంటే చెయ్యి మొత్తం పోయేదని అక్కడి డాక్టరు అన్నాడట. ఆ రెండు వేళ్ళు మా వల్లే పోయాయి. అయినా ఆమె రాసిన ఏ ఉత్తరంలోనూ ఒక్క నిష్ఠూరం లేదు. ముక్కూ ముఖం తెలియని మా పిల్ల కోసం తన ఒళ్ళు అప్పగించింది. ఇంత మంచితనం మనుషుల్లో ఉంటుందని ఎవరైనా చెబితే పూర్వం నేను నవ్వేవాణ్ణి. ఇప్పుడు పొద్దున్నే గుంతలోకి దిగేముందు ఆ అమ్మాయిని తలుచుకుని, చల్లగా ఉండు తల్లీ అనుకుని పని మొదలుపెడతాను. దేవుడికి దణ్ణం పెట్టుకోవడం ఒకోరోజు మర్చిపోతానేమో గానీ, ఇది మర్చిపోను.

ఇక ఫైనల్.

మధ్యాహ్నం రెండున్నర దాటింది. ఎదుట జపాన్ అమ్మాయి. హాలంతా జనం. దేశాల పేర్లు ఉండే బోర్డు మీద ఓయున్ పక్కన ఖాళీ. ఇద్దరూ వంగి నమస్కరించుకున్నారు. రిఫరీ మొదలుపెట్టమన్నాడు.

జపాన్ అమ్మాయి ముందుకొచ్చింది. ఇక్కడ త్రిపుర కదల్లేదు. అక్కడ ఓయున్ కదల్లేదు. ఆ అమ్మాయికి ఏమీ అర్థంకాక చేతులు చాచి అలాగే ఆగిపోయింది.

చాప మీద చెయ్యి కొడుతుందని మేం చూస్తున్నాం. త్రిపుర అలా చెయ్యలేదు. ఎడమచేత్తో తన కుడిచేతిని మణికట్టు దగ్గర పట్టుకుంది, పడుకున్న పసిపిల్లని ఎత్తుకున్నంత మెల్లగా. దాన్ని పైకి తెచ్చి, అద్దాలు నుదుటి మీదికి నెట్టేసి, వేళ్ళని రెండు కళ్ళకీ అద్దుకుంది.

ఉలాన్‌బాటర్‌లో, అంతమంది ముందు, ఓయున్ ఎడమచెయ్యి తన మొద్దుబారిన కుడిచేతిని ఎత్తింది. ఆ వేళ్ళని తన కళ్ళకే అద్దుకుంది.

పుస్తకానికి కాలు తగిలితే, అన్నం మెతుకు తొక్కితే, కొత్త బట్ట మగ్గం మీంచి దించితే మనం అలా కళ్ళకద్దుకుంటాం. ఆ అమ్మాయికి అవేవీ తెలియవు. తన చెయ్యి తన కళ్ళ మీదికి ఎందుకొచ్చిందో ఒక్క క్షణం ఆమెకి అర్థమై ఉండదు. తర్వాత ఆమె ముఖం మారింది. పెదవులు బిగుసుకున్నాయి. తన చెయ్యి ఎలా ఉందో ఇక్కడ ఎవరికో తెలుసని, తను పంపిన అబద్ధాన్ని వాళ్ళు నమ్మలేదని, అందుకే ఈ ఆట ఆడటం లేదని ఆమెకి తెలిసిపోయింది. మేం అందరం చూశాం.

రిఫరీ గడియారం వంక చూస్తున్నాడు. నాకు భయం వేసింది. ఇంకా చాపని కొట్టకపోతే వెండి కూడా ఉంటుందో ఊడుతుందో.

"చాల్లేమ్మా, ఇంక దించు" అన్నాను టీవీ మీంచి కళ్ళు తియ్యకుండానే.

"నేనెప్పుడో దించాను నాన్నా."

తిరిగి చూశాను. త్రిపుర చాప మీద మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ఎడమ అరచెయ్యి చాపకి ఆనించి ఉంది, రెండుసార్లూ కొట్టేసింది. కుడిచెయ్యి ఒళ్ళో ఉంది. ముఖమంతా తడిసిపోయింది.

మళ్ళీ టీవీ వైపు చూశాను. బట్ట కిందికి లాగుతోంది, ఓయున్ మోచెయ్యి వణుకుతోంది. భుజం మీద ఎర్రగీత వెలిగింది. రిఫరీ ఆమెని తప్పిస్తూ చెయ్యెత్తాడు. ఆ గీత వెలిగితే ఏమవుతుందో మాకంటే ఆమెకే బాగా తెలుసు. అయినా ఓయున్ తన చేతిని కళ్ళ మీంచి దించలేదు.